తలుపు మీద కాపలా

బావ మొదటి దెబ్బ కొట్టినప్పుడు నా తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాడి మొహమే అంత. భయమేసినా, ఏడుపొచ్చినా ముందు పళ్ళు బయటపెడతాడు. రెండో దెబ్బకి ఆ పళ్ళలో రెండు సిమెంటు నేల మీద పడ్డాయి.

"నవ్వుతావురా? నా తమ్ముడి చెయ్యి పచ్చడి చేసి నా ముందే నవ్వుతావా?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. ఒక్కరూ అడ్డం రాలేదు. నేనే వెళ్ళి బావ చేతిలో ఉన్న ఇనుప రాడ్డు పట్టుకున్నాను. ఆయన విదిలిస్తే వెళ్ళి రేకుల దొంతర మీద పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. ఆ మనిషి మా పెద్దక్క మొగుడు. ఈ సింకులు చేసే ఫ్యాక్టరీలో వెల్డర్. ఇంట్లో పిల్లి పిల్లని కూడా ఇస్త్రీ బట్టల మీద నుంచి తరమలేని మనిషి. ఆ రోజు ఆ మనిషి అక్కడ లేడు.

సంగతి ఏమిటంటే, పెద్ద ప్రెస్సు దగ్గర ఇద్దరు పని చేస్తారు. బావ తమ్ముడు వెనక నిలబడి స్టీలు రేకుని కింది అచ్చు మీద సర్దుతాడు. ఆరడుగుల మనిషైనా అతన్ని అందరూ చిన్నోడనే అంటారు. సర్ది, చెయ్యి తీసి, "ఊఁ" అంటాడు. అప్పుడు ముందు నిలబడ్డ నా తమ్ముడు జాలీ తలుపు మూస్తాడు. తలుపు మూసుకుందని మిషనుకి తెలియగానే పై అచ్చు దిగుతుంది, రేకు సింకవుతుంది. వేరే మీట నొక్కే పని లేదు. వెనకవైపు అసలు తలుపే లేదు. ఉండాల్సింది. యజమాని పెట్టించలేదు.

మొన్న మధ్యాహ్నం చిన్నోడు ఇంకా రేకు సర్దుతుండగానే పై అచ్చు దిగింది. చెయ్యి మణికట్టు దాకా పోయింది. అచ్చు మళ్ళీ పైకి లేచాక రేకు మీద సింకు ఆకారం చక్కగా వచ్చింది. దాని అడుగున అయిదు వేళ్ళ ఆకారం కూడా వచ్చింది. ఆ రేకుని కడిగే ధైర్యం ఎవరికీ లేక, మడిచి గోనెలో చుట్టి ఓ మూల పెట్టారు.

ఆ సమయంలో అక్కడున్నది తమ్ముడొక్కడే. తలుపు తెరిచే ఉంది, నేను ముట్టుకోలేదు అని వాడంటాడు. ఎవరు నమ్ముతారు? అంతకు ముందు రోజు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఇద్దరూ కలబడ్డారు. చిన్నోడు అందరి ముందూ వీడి చెంప పగలగొట్టాడు. వీడు అందరి ముందూ "నీ చెయ్యి విరిచి నీ చేతిలోనే పెడతా, చూస్తుండు" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వాడి నోటికి ఊరంతా శత్రువులే.

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నాడు మేస్త్రి నాతో, మెల్లగా. ఆయన దృష్టిలో విచారణ అక్కడితో అయిపోయింది.

నేను అక్కడికి తమ్ముడి కోసం రాలేదు, పని మీద వచ్చాను. ఇలాంటి ప్రెస్సులకి బుర్ర లాంటి కంట్రోల్ పెట్టెలు తయారుచేసే చోట నా ఉద్యోగం. ఈ పెట్టెలోని ప్రోగ్రామ్ నాకు ముందున్నాయన రాశాడు. ప్రమాదం జరిగింది కాబట్టి ఎవరో ఒకరు వచ్చి చూడాలి. ఇంకెవర్నయినా పంపండి, అక్కడున్నది మావాళ్ళే అని చెప్పినా మా ఆఫీసులో వినలేదు. విననందుకు ఆ పొద్దున తిట్టుకున్నాను. తర్వాత దణ్ణం పెట్టుకున్నాను.

"బావా, వాడు చేశాడో లేదో మిషనునే అడుగుతాను. అది చెప్పాక నీ ఇష్టం" అన్నాను, రేకుల మీద నుంచి లేచి.

"మిషను మాట్లాడుతుందా?"

"మాట్లాడిస్తాను."

బావ రాడ్డు కింద పడేశాడు. తమ్ముడి చొక్కా కాలరు పట్టి ఈడ్చుకుంటూ వెల్డింగ్ కడ్డీలు దాచే గదిలోకి తోసి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"సాయంత్రం సైరన్ మోగే లోపల చెప్పించు. లేకపోతే వీడి కుడి చెయ్యి అదే అచ్చు కింద పెడతా. చెయ్యికి చెయ్యి. ఎవడి వల్ల నా తమ్ముడి చెయ్యి పోయిందో వాడి చెయ్యి ఉండటానికి వీల్లేదు. మా అమ్మ మీద ఒట్టు."

పోలీసులకి ఫోన్ చెయ్యొచ్చు కదా అనుకోవచ్చు. చేస్తే వచ్చి ఎవర్ని పట్టుకెళ్తారు? నలుగురి ముందూ చెయ్యి విరుస్తానన్నవాడినే. యజమానికీ పోలీసులు రావడం ఇష్టం లేదు. ఎందుకిష్టం లేదో నాకప్పటికి తెలియదు.

పెట్టె తలుపు తీసి, కేబుల్ పెట్టి, లాప్‌టాప్ ఓ బోర్లించిన బకెట్ మీద పెట్టుకుని కూర్చున్నాను. మోచేతి రక్తం మీటల మీద పడుతుంటే చున్నీతో తుడుచుకుంటూ చదివాను. ప్రోగ్రామ్‌లో తలుపు సంగతి గుర్తుపెట్టుకునే చోటు ఒకటుంది, వేరియబుల్. తెరిచి ఉంటే సున్నా, మూసి ఉంటే ఒకటి. ఒకటి అయితే తర్వాతి వరుసలో నూనె వాల్వు తెరుచుకుంటుంది, అచ్చు దిగుతుంది. చిన్నోడి చెయ్యి పోయింది ఆ సున్నా ఒకటవడం వల్ల. మరి ఎవరు మార్చారు?

మామూలుగా అయితే తప్పులు వెతికే డీబగ్గర్‌తో ఒక వాక్యం దగ్గర బ్రేక్‌పాయింట్ పెడతాం. అక్కడికి రాగానే ప్రోగ్రామ్ ఆగుతుంది, మనం తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ నాకు ముందున్న మహానుభావుడు ఆ వేరియబుల్‌ని ఊరుమ్మడి బావిలా వదిలేశాడు. ఎవరు పడితే వాళ్ళు వచ్చి చెయ్యి పెట్టొచ్చు. ఏ వాక్యం దగ్గర కాపలా కాయాలి? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

అలాంటప్పుడు ఇంకో పద్ధతి ఉంది. ఇంట్లో చక్కెర తరిగిపోతుంటే ప్రతి పిల్లాడి వెనకా తిరిగే తల్లి ఉండదు. డబ్బా ఎదురుగా కూర్చుంటుంది. ఏ చెయ్యి లోపలికి పోతే ఆ చెయ్యి పట్టుకుంటుంది. డీబగ్గర్‌కి కూడా అలాగే చెప్పొచ్చు: నాకు వాక్యాలతో పని లేదు, ఈ వేరియబుల్ విలువ మారిన క్షణాన ఎక్కడివాళ్ళని అక్కడ ఆపెయ్, మార్చినవాడెవడో చూపించు.

జాలీ తలుపు బార్లా తెరిచి, కదలకుండా గొలుసుతో కట్టాను. నూనె పంపు ఆపేశాను, అచ్చు దిగే ప్రమాదం లేకుండా. విలువ మీద కాపలా పెట్టి ప్రోగ్రామ్ నడిపించాను. తలుపు తెరిచి ఉన్నంతసేపూ సున్నా సున్నాగానే ఉండాలి. మారిందా, దొంగ దొరికినట్టే.

మారలేదు. బకెట్ ముందు కూర్చుని తెర వైపు చూస్తూనే ఉన్నాను. కడ్డీల గది లోపలి నుంచి తమ్ముడు దగ్గుతున్నాడు. ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది.

"మీ బావ పొద్దున్నుంచీ ఏమీ తినలేదే. కాస్త ఏదైనా తినమని చెప్పు" అంది.

"చెప్తాలే."

"తమ్ముడేడి? తిన్నాడా వాడు?"

"ఉన్నాడు" అని పెట్టేశాను. నమలడానికి పళ్ళుండాలి కదా అనబోయి నాలిక కరుచుకున్నాను. దాని మొగుడి మీద నాకున్న మంట దాని మీద కక్కడం న్యాయం కాదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత పనులు మళ్ళీ మొదలయ్యాయి. గోడ అవతల కోసే మిషను అరిచింది. ఎక్కడో సుత్తి దెబ్బలు. నా తెర మీద ఒక్కసారిగా పసుపు గీత మెరిసి ప్రోగ్రామ్ ఆగింది. సున్నా, ఒకటయ్యింది. తలుపు గొలుసుతో కట్టేసి ఉంది. దగ్గరలో ఒక్క మనిషి లేడు.

నా తమ్ముడు చెప్పింది నిజం. బకెట్ ముందు కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. మేస్త్రి అటు నుంచి చూసి, సగంలో ఆగి, వెనక్కి వెళ్ళిపోయాడు.

ఏడుపయ్యాక మార్చినవాడెవడో చూశాను. తలుపు స్విచ్చి నుంచి వచ్చే తీగని చదివి రాసే చిన్న రొటీన్ అది, ప్రోగ్రామ్‌లో ఓ ముక్క. గుమాస్తా లాంటిది. తీగ ఏం చెప్తే అది రాస్తుంది, సొంత తెలివి లేదు. అంటే అబద్ధమాడింది తీగ. మళ్ళీ నడిపించాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ నడిపించాను. ఆగినప్పుడల్లా పక్క షెడ్డు రేకుల గోడ మీద నీలం వెలుగు తటతటా కొట్టడం మూడోసారికి గమనించాను. వెలుగు లేనప్పుడు తెర బుద్ధిగా నడుస్తోంది. వెలుగు రాగానే ఆగుతోంది.

లేచి ప్రెస్సు చుట్టూ తిరిగాను. దాని వెనక కాలికి ఇత్తడి క్లాంపు కరిచి ఉంది. వెల్డింగ్ మిషను ఎర్త్ క్లాంపు, కరెంటు తిరిగి మిషనుకి పోయే దారి. దాని లావుపాటి తీగ పాములా నేల మీద పాకి గోడ కింది సందులోంచి పక్క షెడ్డులోకి పోతోంది. ఆ క్లాంపు కరిచిన కాలి వెంటే తలుపు స్విచ్చి తీగ పైకెళ్తోంది. వెల్డర్లు ఎర్త్ కోసం దూరం వెళ్ళరు. దగ్గర్లో ఏ ఇనుము కనిపిస్తే దానికి తగిలిస్తారు, రెండు షెడ్ల ఇనుమూ ఒకదానికొకటి కలిసే ఉంది కాబట్టి. అక్కడ కడ్డీతో మెరుపు పుట్టించి ఆర్క్ కొట్టినప్పుడల్లా ఆ కరెంటు ప్రెస్సు కాలిని తడిమి పోతోంది, పక్కనున్న తీగ ఉలిక్కిపడుతోంది.

సందులోంచి తొంగిచూశాను. అవతల మొహానికి అద్దం కట్టుకుని వంగి వెల్డింగ్ చేస్తున్నది మా బావ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ప్రెస్సు వెనక పెట్టడానికి జాలీ చెయ్యమని యజమాని పొద్దున చెప్పాడట. ఇంకెవరూ చెయ్యడానికి వీల్లేదు, నేనే చేస్తానన్నాడట బావ. తమ్ముడి చేతికి అడ్డుండాల్సిన జాలీని ఒక్కో చువ్వా అతికిస్తున్నాడు. చువ్వ అతికించినప్పుడల్లా నా వెనక తెర ఆగుతోంది.

నాకు జాలి కలిగిందని అబద్ధం చెప్పను. ముందు కలిగింది సంతోషం. కుళ్ళు సంతోషం. చేసింది నువ్వే, నా తమ్ముడి పళ్ళు రాలగొట్టింది నువ్వే అని ఆ సందులోంచే అరవాలనిపించింది. దాని వెనకే భయం వచ్చింది. ఈ మాట చెప్తే నమ్ముతాడా? నమ్మకపోతే నా తమ్ముడి చెయ్యి పోతుంది. నమ్మితే ఏం చేస్తాడు?

అంతలోనే సైరన్ మోగింది.

బావ అద్దం తీసి, గది తాళం తీసి తమ్ముణ్ణి బయటికి లాగాడు. మూతి వాచి వాడి మొహం వాడిలా లేదు. ఇద్దరు వెల్డర్లు వాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. పనులు ముగించుకున్నవాళ్ళు ఇళ్ళకి పోకుండా చుట్టూ మూగారు.

"ఏమందమ్మా మీ మిషను?" అన్నాడు బావ.

"వాడు తలుపు ముట్టుకోలేదంది."

"మరి?"

"ఆ క్లాంపు ఎవరిది బావా?"

చూశాడు. "నాదే. అయితే?"

చెప్పాను. సగంలోనే ఆయన చెయ్యి లేచింది. చెంప మీద పడ్డ దెబ్బకి నా చెవిలో ఈల మోగింది.

"ఆడలేక మద్దెల ఓడంటావా? తమ్ముణ్ణి కాపాడుకోవడానికి నా మీదకే తోస్తావే? ఏళ్ళ తరబడి దీని కాలికే క్లాంపు పెడుతున్నా. ఎప్పుడైనా దిగిందా?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. పెట్టెలో చూశాను కాబట్టి. ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా, తలుపు తెరిచి ఉంటే నూనెని ఆపేసే స్విచ్చి, రిలే అంటారు, ఒకటి విడిగా ఉండేది. అది మాటిమాటికీ ప్రెస్సుని ఆపేస్తోందని దాని రెండు కొసలూ ముక్క తీగతో కలిపేశారు. తీగ ఇంకా కొత్తగా మెరుస్తోంది.

"ఇన్నాళ్ళూ కాపాడింది ఆ రిలే. ఎవరు కలిపించారు మేస్త్రీ?" అన్నాను.

మేస్త్రి నేల చూపులు చూశాడు. "యజమాని కలపమన్నాడమ్మా. పని ఆగిపోతోందన్నాడు."

యజమాని కారు అప్పటికే గేటు దాటి పోయింది.

"చూపించు" అన్నాడు బావ.

చూపించాను. ఆయన జాలీ దగ్గరికి వెళ్ళి ఆర్క్ కొట్టాడు. తెర ఆగింది. నడిపించాను. కొట్టాడు. ఆగింది. ఈసారి చాలాసేపు కొట్టకుండా ఊరుకున్నాడు. తెర నడుస్తూనే ఉంది. చటుక్కున కొట్టాడు. ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో "అయ్యో" అన్నారు. బావ వాణ్ణి బండబూతు తిట్టాడు.

"ఇదంతా బొమ్మల ఆట. పంపు వెయ్యి. అచ్చు దిగితేనే నమ్ముతా."

అచ్చు దిగాలంటే నా కాపలా తీసెయ్యాలి. కాపలా ఉంటే విలువ మారగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, వాల్వు తెరిచే వరుస దాకా పోనే పోదు. తీసేశాను. పంపు వేశాను. మేస్త్రి ఓ దుంగ తెచ్చి కింది అచ్చు మీద పెట్టాడు. బావ గోడ అవతలికి వెళ్ళాడు. నీలం వెలుగు పడింది. పై అచ్చు దబ్బున దిగి దుంగని చీల్చింది. పేళ్ళు ఎగిరి ఒకతని నుదుటికి తగిలి రక్తం కారింది. అచ్చు తాపీగా పైకి లేచింది.

బావ ఇవతలికి వచ్చాడు, కడ్డీ బిగించిన వెల్డింగ్ హోల్డరు చేతిలోనే ఉంది, తీగ వెనక ఈడ్చుకొస్తోంది. ప్రెస్సు వెనక్కి, చిన్నోడు నిలబడే చోటికి వెళ్ళాడు. దుంగ పేళ్ళు చేత్తో తుడిచి, కుడి చెయ్యి కింది అచ్చు మీద పెట్టాడు. హోల్డరు ఎడం చేతిలోకి మార్చుకున్నాడు. ప్రెస్సు కాలికి కడ్డీ తాకిస్తే చాలు, అచ్చు దిగుతుంది.

"చెయ్యికి చెయ్యన్నా" అన్నాడు. ఎవరితోనూ కాదు.

మేస్త్రి "ఒరేయ్, ఒరేయ్" అని అరుస్తున్నాడు కానీ అడుగు ముందుకు వెయ్యట్లేదు. పంపు మీట అవతలి గోడకుంది. లాప్‌టాప్ నా ముందుంది. మౌస్ ఒక్కసారి నొక్కితే కాపలా మళ్ళీ పడుతుంది. నా వేలు దాని మీదే ఉంది.

నొక్కలేదు. తమ్ముడి నోట్లోని నల్లటి సందు చూశాను, పోనీ అనుకున్నాను. ఆ చేతితోనే కదా కొట్టాడు. నన్నూ ఆ చేతితోనే కొట్టాడు. పోనీ. అలా ఎంతసేపు అనుకున్నానో నాకే తెలియదు. ఆయన కడ్డీ ప్రెస్సు కాలి దగ్గరికి వస్తుండగా నొక్కాను.

నీలం వెలుగు. తెర ఆగింది. పై అచ్చు పైనే ఉండిపోయింది.

"దిగవేం?" బావ మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. "దిగు! నా తమ్ముడి మీద దిగావు కదే, నా మీద దిగవేం?" నిప్పురవ్వలు ఆయన పాదాల మీద, నేల మీద చిందుతున్నాయి. చెయ్యి మాత్రం అచ్చు మీద నుంచి తియ్యట్లేదు.

తమ్ముణ్ణి పట్టుకున్నవాళ్ళు ఎప్పుడో వదిలేశారు. వాడికి నా కాపలా సంగతి తెలియదు, ఆ అచ్చు ఏ క్షణమైనా దిగుతుందనే వాడికి తెలుసు. పరుగెత్తి వెనక నుంచి బావ నడుం పట్టి లాగాడు. బావ మోచేత్తో వాడి ముక్కు మీద పొడిచాడు. ముక్కు పగిలిన చప్పుడు నాకు వినిపించింది. వాడు వదల్లేదు. రెండోసారి పొడిచినా వదల్లేదు. ఇద్దరూ కలిసి వెల్లకిలా పడ్డారు, బావ కింద తమ్ముడు. నేను పోయి పంపు ఆపాను.

"ఎందుకు దిగలేదు?" అన్నాడు బావ, నేల మీదే పడుకుని.

"నేను ఆపాను."

"నిన్నెవరు ఆపమన్నారే?"

"నాకూ ఆపాలని లేదు బావా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నిజమే చెప్తున్నానని అర్థమైంది. తల ఊపి, పక్కకి తిరిగి తమ్ముడి ముక్కు మీద తన చొక్కా కొస అదిమిపట్టాడు. వాడు "నొప్పి బావా, మెల్లగా" అన్నాడు.

ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. అక్క వార్డు గుమ్మంలోనే తమ్ముడి మొహం చూసి, మొగుడి మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చిన్నోడు మెలకువగానే ఉన్నాడు. కుడి చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి కట్టు ఉంది. తమ్ముణ్ణి చూసి, "వీణ్ణి ఎందుకు తీసుకొచ్చావన్నా?" అన్నాడు.

బావ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను చెప్తానన్నాను. వద్దన్నాడు. క్లాంపు సంగతి, తీగ సంగతి, తను మొన్న మధ్యాహ్నం గోడ అవతల తోపుడు బండి చక్రం అతికిస్తున్న సంగతి, అన్నీ తడబడకుండా చెప్పాడు. యజమాని పేరెత్తలేదు. రిలే మాట చెప్పలేదు. "నేనేరా. నా వల్లే" అని మాత్రం చెప్పాడు.

చిన్నోడు మంచం పక్కనున్న స్టీలు గ్లాసు ఎడం చేత్తో తీసుకుని, అందులో నీళ్ళున్నాయని కూడా చూసుకోకుండా, అన్న మొహం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది. అక్క ఆవిణ్ణి ఆపింది. ఎడం చెయ్యి అలవాటు లేక సగం దెబ్బలు దిండు మీద, మంచం కమ్మీ మీద పడుతున్నాయి. బావ మొహాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపాడు.